నాంచారమ్మ కాపలా కాసిన బడి

ప్రేమమ్మ టీచరు మీద మొట్టమొదట అనుమానపడ్డవాడు అడ్డరోడ్డులో టీ కొట్టు సుభానీ. గుంటూరు నుంచి పొద్దున్నే వచ్చే బస్సు అతని కొట్టు ముందే ఆగేది. ఎవరు దిగారు, ఎవరి చేతిలో ఏముంది అన్నది టీ వడగడుతూనే చూసి పెట్టుకునే అలవాటు అతనికి. ప్రేమమ్మ నల్లపాడులో కాపురం ఉండేది. రోజూ ఆ బస్సు దిగి, మిరప చేల మధ్య బండిదారి పట్టి, ఎరుకల కాలనీ బడికి నడిచిపోయేది.

“అంతకుముందొచ్చిన పంతుళ్ళంతా బస్సు దిగి ఇక్కడే టీ తాగి, ఈ బెంచీ మీదే కూర్చుని, పేపరు చదువుకుని, మధ్యాన్నం బస్సుకి తిరిగిపోయేవాళ్ళండి. మర్యాదస్తులు. ఈవిడ టీ తాగదు, ఆగదు. పొద్దుగూకేదాకా ఆ కాలనీలోనే ఉంటది. అంతసేపు అక్కడేం పనుంటదో మీరే చెప్పండి” అనేవాడు సుభానీ. “పైగా ఒంటరి మనిషి. మీ ఆయన యాడుంటాడమ్మా అని మా ఇంట్లోది అడిగితే, ఈ ఏడు పత్తి ఎట్టా ఉందని మాట మార్చేసింది.”

పని చేసే పంతులును చూసి అనుమానపడాల్సిన పరిస్థితి ఆ బడిది.

కాలనీ అంటే రోడ్డుకు దూరంగా, నల్లరేగడి చేల అంచున, వరసగా వేసుకున్న తాటాకు ఇళ్ళు. మగవాళ్ళు పందుల్ని మేపేవారు, పత్తికీ మిరపకూ కూలికి పోయేవారు. ఆడవాళ్ళు ఈత బద్దలతో బుట్టలూ తట్టలూ అల్లేవారు. ఆ చుట్టుపట్ల ఊళ్ళలో తీసిన పత్తి, కోసిన మిరపకాయ వాళ్ళ బుట్టల్లోనే కల్లానికి చేరేది. బుట్ట మీద ఎవరికీ అనుమానం లేదు. అల్లిన చేతుల మీదే. ఏ ఊళ్ళో ఏ వస్తువు కనబడకపోయినా పోలీసు జీపు ముందు ఆ కాలనీ దారే పట్టేది. తెల్లదొరల కాలంలో వాళ్ళ కులం మీద వేసిన దొంగ ముద్రను చట్టం ఎప్పుడో తుడిచేసింది. ఆ సంగతి జీపుకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

వాళ్ళకు సొంత మాట ఒకటుంది. చెవికి కొంత అరవంలా ఉంటుంది. ఇళ్ళలో అదే మాట్లాడుకుంటారు. బయటి మనిషి అడుగు వినబడితే చాలు, ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. పిల్లలకు నడక నేర్పినట్టే, ఎవరి ముందు ఇంటిమాట తీయకూడదో కూడా నేర్పుతారు. బయటివాళ్ళతో పిల్లలు మాట్లాడే తెలుగు సంత తెలుగు. “బుట్ట కావాలా అమ్మా”, “తగ్గదు”, “పనుందా అయ్యా”. అంతవరకే. వాచకంలోని తెలుగు వాళ్ళకు సంతలోనూ వినబడలేదు, ఇంట్లోనూ వినబడలేదు. అందుకని ఒకటో తరగతిలోనే ఏళ్ళ తరబడి కూర్చుని, ఒకరోజు లేచి మిరపకాయ కోతకు పోయేవారు. వచ్చిన పంతుళ్ళు “మొద్దు పిల్లలు” అని చెప్పి బదిలీ చేయించుకునేవారు.

ఎనభై నాలుగు జూన్‌లో ప్రేమమ్మ చేరిన రోజునే సర్పంచి జానకిరామయ్య గారు ఆమెను పిలిపించి సంగతి చెప్పేశారు.

“ఏమ్మా ప్రేమమ్మా, రికార్డులో పేర్లుంటాయి, గదిలో గాలుంటది. అట్టాంటి బడి అక్కడెందుకు? ఊళ్ళోకి మార్పిద్దామంటన్నాను. పంచాయతీ సమితి వాళ్ళు వేసవికి ముందొచ్చి చూస్తారంట. గదినిండా పిల్లలు కనబడితే సరే. లేదంటే ఎత్తేస్తారు. మనసులో పెట్టుకో.”

ఊళ్ళోకి మారితే కాలనీ పిల్లలెవరూ గడప దాటరని ప్రేమమ్మకు అర్థమైంది. ఊరి బడిలో ఎవరి బలపం పోయినా వేళ్ళన్నీ ఎటు తిరుగుతాయో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. బడి ఎత్తేస్తే ఆ పిల్లల చదువు అక్కడితో సరి.

ఆమె పుట్టింది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెలో, క్రైస్తవ పాలెంలో. తల్లి మిరపకాయ కోతకు పోయేది. తండ్రి ఆదివారాలు చర్చి గంట కొట్టేవాడు. ఒకటో తరగతిలో పంతులు “ఏం తిన్నావే” అంటే, ఇంట్లో అనే మాటే నోట్లోకి వచ్చి “కూడు తిన్నానండి” అందట. తరగతంతా నవ్వింది. పంతులు కూడా నవ్వాడు.

“ఆ నవ్వు తర్వాత ఏడాది పొడుగునా బళ్ళో నోరు తెరవలేదండి నేను. అన్నీ వచ్చు. అయినా తెరవలేదు. నన్ను కూడా మొద్దనే అనుకున్నారు” అని చెప్పేది ప్రేమమ్మ, ఏదో వేరే పిల్ల సంగతి చెబుతున్నట్టు.

ఆ కాలనీకి రాకముందు వేసవిలోనే గుంటూరులో టీచర్లకు శిక్షణ తరగతులు పెట్టారు. చాలామంది సంతకం పెట్టి బ్రాడీపేట బట్టల కొట్లకు పోయేవారు. ప్రేమమ్మ ముందు వరసలో కూర్చునేది. అక్కడ లక్ష్మీనరసింహం గారనే శిక్షకుడు చెప్పిన మాట ఒకటి ఆమెకు పట్టుకుంది. “పిల్లవాడి నోట్లో ఉన్న మాటను ఉమ్మేయించి మన మాట పెట్టకండమ్మా. దాన్ని ఉండనిచ్చి, పక్కన మన మాటను కూర్చోబెట్టండి. వాడి మాటనే అక్షరాల్లో చూపించండి. చదవడమంటే ఏమిటో ముందు తన మాటలో తెలిస్తే, ఆ తర్వాత ఎవరి మాటయినా చదువుతాడు. ఇంటి మాట ఎలా తెలుస్తుందంటారా? ఇంటి గురించి అడగండి.”

ఈ చివరి వాక్యమే తర్వాత ఆమె కొంప మీదకు వచ్చింది.

బడి తెరిచిన కొత్తల్లో ఒకరోజు కుండలో నీళ్ళు ముంచుకుంటూ ఒక పిల్ల తన చెల్లెలితో “తణ్ణి” అనడం ప్రేమమ్మ చెవిన పడింది. వెంటనే బోర్డు మీద ఒక పక్క “తణ్ణి” అనీ, దాని ఎదురుగా “నీళ్ళు” అనీ తెలుగు అక్షరాల్లో రాసి, రెండూ పైకి చదివింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఆ పిల్లే, అంకమ్మ, లేచి బోర్డు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, గౌను అంచుతో “తణ్ణి”ని తుడిచేసింది. “నీళ్ళు”ను మాత్రం ముట్టుకోలేదు.

“ఎందుకే తుడిచావు?”

“మా మాట బయటోళ్ళకి చూపించగూడదంట. మా నాంచారమ్మవ్వ చెప్పింది.”

“నేను బయటిదాన్నా?”

అంకమ్మ టీచరును పైనుంచి కిందికి చూసింది. “ఊఁ” అంది.

ప్రేమమ్మ మర్నాడు మళ్ళీ రాసింది. అంకమ్మ మళ్ళీ తుడిచింది. ఇట్లా కొన్నాళ్ళు నడిచాక, ఒకరోజు ప్రేమమ్మ ఇంకో మాట తప్పుగా పలికి తప్పుగా రాసింది. అంకమ్మ తుడవడానికి లేచి, అక్షరాలు కూడబలుక్కుని చూసి, తుడవకుండా కిసుక్కున నవ్వింది. గదంతా నవ్వింది. ఈసారి నవ్వు టీచరు మీద. నవ్వుతూనే మంచి మాట చెప్పారు. ఆ తర్వాత బోర్డు మీద రెండు వరసలూ ఉండేవి, ఒక పక్క వాళ్ళ మాట, ఒక పక్క తెలుగు. పత్తి తీతలు మొదలయ్యేనాటికి గదిలో గాలికి చోటు చాలలేదు. అంకమ్మ రెండు వరసలూ తడుముకోకుండా చదివేది.

అయితే ఊళ్ళో ఇంకో రకం మాట మొదలైంది. “మన మాట వాళ్ళకు నేర్పమని పంపిస్తే, వాళ్ళ మాట ఈవిడ నేర్చుకుంటందంట!” “ఎందుకంట?” “ఎందుకేందిరా, రేపు మన ముందే వాళ్ళూ వాళ్ళూ ఏం మాట్లాడుకుంటారో నీకు తెలుస్తదా?” సుభానీ కొట్లో టీ తాగే ప్రతివాడికీ ఈ సంగతి ఉచితంగా అందేది.

ఫిబ్రవరిలో కల్లాలు మిరపకాయలతో ఎర్రబడి ఉన్నాయి. పిల్లలు మాటలు దాటి వాక్యాల్లోకి వచ్చారు. గుంటూరులో చెప్పింది ఇక చేయవచ్చనుకుంది ప్రేమమ్మ. ఇంటి గురించి అడగడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఎవరెవరున్నారు? ఏమేం సామాన్లున్నాయి? మీ నాన్న నిన్న ఎక్కడికి వెళ్ళాడు? ఎప్పుడొచ్చాడు? ఏం తెచ్చాడు? ముందు వాళ్ళ మాటలో చెప్పాలి, తర్వాత తెలుగులో. పిల్లలు పోటీలుపడి చెప్పారు. అంకమ్మ లేచి నిలబడి, “మా నాన్న ఊరెళ్ళాడు. మొన్న తెల్లారగట్ట వచ్చాడు. గోతం తెచ్చాడు” అని రెండు మాటల్లోనూ తప్పు లేకుండా చెప్పింది. గోతంలో ఉన్నది పందులకు తవుడు. ఆ మాట ఎవరూ అడగలేదు, అంకమ్మ చెప్పలేదు. ప్రేమమ్మ చప్పట్లు కొట్టించింది.

రెండు రోజులు తిరిగేసరికి జానకిరామయ్య గారి కల్లంలో టిక్కీలు కొన్ని తగ్గాయి. టిక్కీ అంటే గోతంలో తొక్కి కుట్టిన మిరపకాయల మూట. జీపు సరాసరి కాలనీకి వచ్చింది. అంకమ్మ తండ్రి తిరుపాలును ఎక్కించుకుని పోయింది.

మర్నాడు బడిలో ఒక్క పిల్ల లేదు. కుండలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, బోర్డు మీద నిన్నటి వాక్యాలు ఉన్నాయి. కాసేపు చూసి ప్రేమమ్మ కాలనీలోకి నడిచింది. ఆమెను చూసి ఒక్కొక్క ఇంటి తడిక మూసుకుంది. నాంచారమ్మ మాత్రం తన ఇంటి ముందు కూర్చుని కత్తితో ఈత బద్ద చీలుస్తోంది. తిరుపాలు తల్లి ఆమె. ఒకప్పుడు ఊరూరా తిరిగి సోది చెప్పింది. కాలనీలో ఆమె మాటే మాట.

“రా టీచరమ్మా, రా. నువ్వొస్తావనే కూర్చున్నా” అంది తల ఎత్తకుండా. “ఎస్సైగారు నీకు చుట్టమా, చెలికాడా?”

“అదేం మాట అవ్వా! ఆయన మొహం కూడా నేను చూడలేదు.”

“చూడకపోతే ఆయన నోట్లో మాటలు నీ నోట్లోకి ఎట్టా వచ్చినయ్? ఇంట్లో ఎవరున్నారు, ఏమున్నయ్, నీ మొగుడు యాడికి పోయాడు, ఎప్పుడొచ్చాడు, ఏం తెచ్చాడు... నేను కాపరానికొచ్చిన కాడ్నించీ వింటన్నా ఈ పాట. ఒక్క ముక్క తేడా లేదు. వాళ్ళు లాఠీతో అడుగుతారు, నువ్వు సుద్దముక్కతో అడిగావు. పెద్దోళ్ళం నోరు తెరవమని పిల్లల్ని పట్టావు గదా? అందుకేనా మా మాట నేర్చింది?”

గుంటూరులో ఆ ప్రశ్నలు విన్న టీచర్లందరికీ అవి ఉత్త ప్రశ్నలే. ఈ ఇళ్ళలో వాటికి ఇంకో అర్థం ఉందని ప్రేమమ్మకు అప్పటిదాకా తట్టలేదు.

“పాఠం కోసం అడిగానవ్వా. ప్రమాణంగా. ఎవ్వరికీ చెప్పలేదు.”

“చెప్పలేదేమో. నాకెట్టా తెలుస్తది? పో తల్లీ. మా పిల్లలకు చదువొద్దు, నీకు మా మాటొద్దు.”

సమితి వాళ్ళు ఎప్పుడైనా రావచ్చు. గది ఖాళీ. ప్రేమమ్మ తిరిగొచ్చి ఆ ఖాళీ గదిలోనే కూర్చుంది. అంతలో కానిస్టేబులు సైకిలు దిగాడు.

“టీచరుగారూ, ఎస్సైగారు రమ్మంటన్నారు. మీకు వాళ్ళ భాష వచ్చంట గదా. టీ కొట్టు సాయిబు చెప్పాడు.”

కాలనీ అంతా చూస్తుండగా ప్రేమమ్మ కానిస్టేబులు వెంట నడిచి వెళ్ళింది. పోక తప్పదు, పోతే ఏమనుకుంటారో తెలుసు. తడికల సందుల్లోంచి చూసే కళ్ళు వీపుకు గుచ్చుకున్నాయని చెప్పేది.

స్టేషనులో ఎస్సై మర్యాదగా కుర్చీ వేయించాడు. “మేడం, సింపుల్ పని. వీడి తల్లి అన్నం తెచ్చింది. లోపలికి పంపిస్తాను. వాళ్ళ భాషలో ఏదో ఒకటి మాట్లాడుకుంటారు గదా, సరుకెక్కడ పెట్టిందీ అందులో వచ్చేస్తుంది. మీరు విని నాకు చెప్పండి. గవర్నమెంటు ఉద్యోగులం, ఒకరికొకరం కోపరేట్ చేసుకోవాలి.”

నాంచారమ్మ అన్నం గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. కుర్చీలో ప్రేమమ్మను చూసింది. చూసిన దాంట్లో ఆశ్చర్యమేమీ లేదు. తను అనుకున్నది కళ్ళకు కనబడిన తృప్తి ఉంది. కొడుకు ముందు గిన్నె దించి, తమ మాటలో గబగబా ఏదో అంది. పొడుగ్గానే అంది. తిరుపాలు తల ఎత్తి టీచరు వైపు చూసి, మళ్ళీ దించుకున్నాడు.

“ఏమంటోంది?” అన్నాడు ఎస్సై.

నాంచారమ్మ అన్నది ఇది: “అన్నం తిన్నావా నాయనా? నిన్ను పట్టించింది ఈ టీచరే. అదుగో, కుర్చీ కూడా వేశారు. దీని నోరు పడిపోను. ఇది వింటంది, నోరు తెరవబాక.”

ప్రతి ముక్కా ప్రేమమ్మకు అర్థమైంది.

“అన్నం తిన్నావా అని అడుగుతోందండి” అంది.

“ఇంకా?”

“అంతేనండి.”

“అంత పొడుగు మాటకు అంతేనా అర్థం?” ఎస్సై కళ్ళు చిన్నవయ్యాయి.

“లాకప్పులో ఉన్న కొడుకును అన్నం తిన్నావా అని తల్లి పొడుగ్గానే అడుగుతుంది సార్.”

“మీకు వాళ్ళ భాష వచ్చిందా, లేక వాళ్ళే మిమ్మల్ని పట్టారా మేడం? చూస్తాను. మీ సంగతి కూడా చూస్తాను” అని ఎస్సై కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

ఆ ఆదివారం చర్చిలో చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నానని ప్రేమమ్మ చెప్పింది. “అబద్ధం ఆడలేదండి. ఆవిడ అన్నం సంగతి అడిగింది, నిజమే. మిగతాది నాకూ ఆవిడకూ ఉన్న తగాదా. అది ఎస్సైకి ఎందుకు?”

ఆ రోజు స్టేషను బయట నాంచారమ్మ ముందు నడుస్తోంది, ప్రేమమ్మ వెనక. ఎండలో రోడ్డు మీద మిరప ఘాటు. కల్లాలు దాటాక నాంచారమ్మ ఆగింది.

“నేనన్నది మొత్తం తెలిసిందా నీకు?”

“తెలిసింది.”

“నోరు పడిపోను అన్నది కూడా?”

“అది కూడా.”

“మరి చెప్పలేదే?”

“ఆయనకు పనికొచ్చే మాట అందులో అన్నం ఒక్కటే ఉందవ్వా.”

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో తెలియలేదు. మళ్ళీ మొహం ముడుచుకుంది. “అంత వేగంగా అన్నా తెలిసిపోయిందంటే, నేననుకున్నదానికన్నా నువ్వు గట్టిదానివే. నీతో మరీ జాగర్తగా ఉండాల. పిల్లల్ని పంపిస్తా. కానీ నేనూ వచ్చి కూర్చుంటా. నువ్వేం అడుగుతావో నా చెవుల్తో నేను వింటా.”

మర్నాడు పిల్లలు వచ్చారు. వాళ్ళ వెనకే నాంచారమ్మ కత్తి, ఈత బద్దలు, సున్నపుకాయ తెచ్చుకుని వరండాలో గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బుట్ట అడుగు మొదలుపెట్టింది. ప్రేమమ్మ సుద్దముక్క తీసింది. ఏ ప్రశ్న నోటిదాకా వచ్చినా అందులో లాఠీ కనబడుతోంది.

“ఏందమ్మా, ఆగిపోయావు?” అంది నాంచారమ్మ వరండాలోంచి. “సరే, నేనడుగుతా, నువ్వు చెప్పు. నీ ఇంట్లో ఎవరున్నారు?”

పిల్లలు తలలు తిప్పి టీచరును చూశారు.

“నేనొక్కదాన్నే.”

“నీ మొగుడు యాడికి పోయాడు? ఎప్పుడొస్తాడు?”

సుభానీ భార్య అడిగితే ఆమె పత్తి సంగతి ఎత్తింది. పాస్టరుగారి భార్య అడిగితే కీర్తన పుస్తకం తిరగేసింది. ఇప్పుడు ఎటూ పోవడానికి లేదు. గుమ్మానికి అడ్డంగా మనిషి కూర్చుని ఉంది. తన ప్రశ్న తన మీదికి వస్తే ఎలా ఉంటుందో ఆ నిలుచున్నచోట తెలిసింది ప్రేమమ్మకు. పిల్లల దగ్గర నేర్చుకున్న వాళ్ళ మాటలోనే చెప్పింది. మధ్యలో ఒక మాట తప్పింది కూడా. “నన్ను వదిలేసి పోయాడు. యాడున్నాడో నాకు తెలవదు. రాడు.”

వరండాలో బుట్ట అల్లే చేతులు ఆగాయి. ప్రేమమ్మ వెనుదిరిగి ఆ వాక్యాలనే బోర్డు మీద రాసింది, ఒక పక్క వాళ్ళ మాట, ఒక పక్క తెలుగు. అంకమ్మ లేచి వచ్చింది. తుడుస్తుందేమోనని పక్కకు జరిగింది ప్రేమమ్మ. అంకమ్మ తప్పుపోయిన ఆ ఒక్క మాటను వేలితో చెరిపి, సరిగా రాసి, వెళ్ళి కూర్చుంది.

వరండాలో బుట్ట అల్లే చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ వారంలోనే టిక్కీల సంగతి బయటపడింది. జానకిరామయ్య గారి కొడుకే తండ్రికి చెప్పకుండా వాటిని గుంటూరు యార్డుకు తోలించాడు. తిరుపాలును “ఈసారికి పో” అన్నారు స్టేషన్లో. ఈసారికి అంటే ఏమిటో అడిగినవాళ్ళు లేరు. ఇంటికి వచ్చిన తిరుపాలు మొదటి మాటగా అడిగింది, “టీచరు నిజంగా ఏం చెప్పలేదా?” అని. “ఏమో, చూస్తన్నాగా” అంది నాంచారమ్మ.

చూడడం అక్కడితో ఆగలేదు. రోజూ వచ్చేది. ప్రశ్న నచ్చకపోతే కత్తి పిడితో వరండా అంచు మీద టక్కున కొట్టేది. ప్రేమమ్మ ఆ ప్రశ్న వదిలేసేది. తర్వాత తర్వాత తమ మాట తప్పు పలికినా టక్కు పడేది. పిల్లలు తెలుగు తప్పు చదివితే కూడా. అక్షరం ఒక్కటి తెలియని మనిషికి తెలుగు తప్పు ఎలా తెలిసిందని అడిగితే, “పొద్దస్తమానం వింటన్నా గదా, నాకేమన్నా చెవుడా?” అంది. ప్రేమమ్మ కూడా ఒక పద్ధతి పెట్టుకుంది. పిల్లల్ని ఏది అడగాలన్నా ముందు తన సంగతి తను చెప్పేది. తన ఇల్లు, తన తల్లి, తను తిన్న కూడు. ఆ తర్వాత చెప్పాలనిపించిన పిల్ల చెప్పేది. లేకపోతే లేదు.

మార్చిలో సమితి వాళ్ళు వచ్చి చూశారు. గది నిండా పిల్లలు, గుమ్మంలో బుట్టలు. “ఈ ముసలావిడ ఎవరు? ఆయానా?” అని అడిగారు. “కాదండి, కాపలా” అంది ప్రేమమ్మ. దేనికి కాపలా అని వాళ్ళు అడగలేదు. బడి అక్కడే ఉండిపోయింది. జానకిరామయ్య గారు మాత్రం, “ఈవిడేదో మందు పెట్టిందిరా వాళ్ళకి” అన్నారట సుభానీ కొట్లో.

సమితి పోయి మండలం వచ్చింది. ఎనభై ఏడు వేసవిలో లక్ష్మీనరసింహం గారు ప్రేమమ్మను గుంటూరు శిక్షణకు పిలిపించారు. ఈసారి ముందు వరసలో కూర్చోవడానికి కాదు, తండాల్లోనూ కాలనీల్లోనూ పనిచేయబోయే కొత్త టీచర్లకు పాఠం చెప్పి చూపించడానికి. అంకమ్మను వెంట తీసుకెళ్తానంది ప్రేమమ్మ. నాంచారమ్మ కూడా మూట కట్టింది. “గుంటూరులో అంతమంది పంతుళ్ళు ఒక్క పిల్లను పెట్టుకుని ఏం అడుగుతారో. నేను రాకుండా పంపను.”

హాల్లో నాంచారమ్మ చివరి బెంచీలో కూర్చుంది. కత్తి తేలేదు, సున్నపుకాయ ఉంది. ప్రేమమ్మ పాఠం అయ్యాక, లక్ష్మీనరసింహం గారు ఒక కుర్ర టీచరును లేపి, అంకమ్మతో మాట్లాడించమన్నారు. అతను మంచివాడే. వంగి, చిరునవ్వుతో అడిగాడు.

“మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?”

చివరి బెంచీ నుంచి టక్కుమంది.

అందరూ వెనక్కి తిరిగారు. నాంచారమ్మ సున్నపుకాయ మూత తీసి, తమలపాకుకు సున్నం రాసుకుంటోంది, తనకేమీ పట్టనట్టు. కుర్ర టీచరు తడబడి ప్రేమమ్మను చూశాడు. ప్రేమమ్మ ఏదో చెప్పబోయే లోపలే అంకమ్మ అంది.

“ముందు మీరు చెప్పండి సార్. మీ నాన్న ఏం చేస్తాడు?”

హాల్లో కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి, అక్కడున్న వాళ్ళెవరికీ అంతకుముందు చెప్పి ఉండడు, “మా నాన్న పొగాకు కాల్చే బ్యారనీలో కూలి. ఇప్పుడు దగ్గు, మంచం మీద ఉన్నాడు” అన్నాడు. మాట అంటుంటే నిలబడిన తీరే మారిపోయిందనీ, నవ్విన వాళ్ళు ఊరుకున్నారనీ ప్రేమమ్మ చెప్పింది. అంకమ్మ అతన్ని కాసేపు చూసి, “మా నాన్న పందుల్ని మేపుతాడు సార్. మా మాటలో ఎట్టా అంటారో చెప్పనా?” అంది. అతను సుద్దముక్క ఆ పిల్ల చేతికి ఇచ్చాడు.

ఆ తర్వాత ప్రతి వేసవీ ప్రేమమ్మ శిక్షణలో కొత్త టీచర్లకు మొదట చెప్పే మాట ఇదే: పిల్లను ఏదైనా అడిగే ముందు, ఈ ప్రశ్న వాళ్ళ ఇంటికి వచ్చి ఇంతకుముందు ఎవరడిగారో తెలుసుకోండి.

హాల్లో పాఠం చెప్పిన ఆ రోజు సాయంత్రం బస్సులో అంకమ్మ కిటికీ పక్కన కూర్చుని, కొట్ల మీద పేర్లన్నీ పైకి చదువుకుంటూ వస్తోంది. నల్లపాడు దాటినా ప్రేమమ్మ దిగలేదు. వాళ్ళను కాలనీ దాకా దింపి వద్దామనుకుంది. నాంచారమ్మ చేలు మొదలయ్యాక, పక్కకు వంగి, తమ మాటలో, మెల్లగా అడిగింది.

“టీచరమ్మా, ఆ కుర్రసారు వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు గదా. నిజమేనంటావా?”